కరెంటు లైను లేని చోట చిన్న ఇంటికి సోలార్: ప్యానెళ్లు, బ్యాటరీ ఎంత పెట్టాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. కరెంటు లైను రాని కొండవాలులో మేము ఒక చిన్న ఇల్లు కట్టుకున్నాము. నెలలో కొన్ని రోజులే అక్కడ ఉంటాము. వాతావరణం బాగా లేని కాలంలో రెండు మూడు నెలలు తాళం వేసి వచ్చేస్తాము. 9 వాట్ల బల్బులు నాలుగు రోజుకు 5 గంటలు, 30 వాట్ల ఫ్యాను 10 గంటలు, 60 వాట్ల లాప్‌టాప్ 3 గంటలు, రోజుకు సుమారు 500 వాట్ అవర్లు తీసుకునే చిన్న డీసీ (బ్యాటరీ కరెంటుతో నేరుగా నడిచే) ఫ్రిజ్, ఇంతవరకే మా అవసరం. 300 వాట్ల ప్యానెల్ సరిపోతుందని ఒకరు, కిలోవాట్ లేనిదే కుదరదని మరొకరు చెబుతున్నారు. అసలు లెక్క ఎలా వేసుకోవాలి? బ్యాటరీ లెడ్ యాసిడ్ మంచిదా, లిథియం మంచిదా? తాళం వేసి వచ్చేటప్పుడు ఏమేమి ఆపి రావాలి? దయచేసి తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

జవాబు 1

మీ వాడకాన్ని మీరే ఇంత వివరంగా రాసిపెట్టారు కాబట్టి లెక్క సులువే. వాట్లను వాడే గంటలతో గుణిస్తే వాట్ అవర్లు వస్తాయి. బల్బులకు 180, ఫ్యానుకు 300, లాప్‌టాప్‌కు 180, ఫ్రిజ్‌కు 500 కలిపితే రోజుకు 1160 వాట్ అవర్లు. అయితే ఈ జాబితాలో చాలామంది మరచిపోయే వస్తువు ఒకటి ఉంది, అది ఇన్వర్టర్, అంటే బ్యాటరీలోని డీసీ కరెంటును మామూలు ఇళ్లలో వాడే ఏసీ కరెంటుగా మార్చే పెట్టె. దానికి ఏమీ తగిలించకపోయినా, ఆన్‌లో ఉన్నంతసేపూ తన పని కోసం కొంత కరెంటు తింటూనే ఉంటుంది. అది 20 వాట్లే అనుకున్నా, రాత్రింబవళ్లు ఆపకుండా ఉంచితే రోజుకు 480 వాట్ అవర్లు అవుతుంది, అంటే మీ ఫ్రిజ్‌తో దాదాపు సమానం.

ఇప్పుడు రెండు విధాలుగా చూడండి. ఇన్వర్టర్ ఎప్పుడూ ఆన్‌లో ఉంటే రోజు అవసరం 1640. వైర్లలో, బ్యాటరీలో, ఎండ వేడికి ప్యానెల్‌లో పోయేదాన్ని కూడా కలుపుకోవడానికి దీన్ని 0.75తో భాగిస్తే సుమారు 2190 వస్తుంది. మబ్బు పట్టిన నెలల్లో రోజు మొత్తం మీద పడే వెలుతురు మూడు గంటల నిండు ఎండతో సమానమనుకుంటే, దాదాపు 730 వాట్ల ప్యానెళ్లు కావాలి. అలా కాకుండా బల్బులు, ఫ్యాను కూడా డీసీవి తీసుకుని, లాప్‌టాప్ వాడే మూడు గంటలు మాత్రమే ఇన్వర్టర్ వేసుకుంటే రోజు అవసరం 1220కి దిగి, 540 వాట్లతో పని జరుగుతుంది. కొత్త ప్యానెల్ కొనే ముందు ఈ ఇన్వర్టర్ స్విచ్ సంగతి ఆలోచించండి.

బ్యాటరీని ఈ 1220 చొప్పున ఎండ లేని రెండు రోజులకు లెక్క వేసుకోవాలి. లెడ్ యాసిడ్‌ను సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా పాడవుతుంది కనుక, 24 వోల్టుల దగ్గర సుమారు 200 ఆంపియర్ అవర్లు ఉండాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌లో 80 శాతం వాడుకోవచ్చు కనుక 120 చాలు. ఆ రెండింటిలో నా ఓటు లిథియానికే.

జవాబు 2

లెక్క బాగుంది. నేను వైరింగ్ గురించి మాత్రం చెబుతాను, ఎందుకంటే మంటలు పుట్టేది అక్కడే. 12 వోల్టులకు బదులు 24 ఎంచుకోవడం సరైన పని. 500 వాట్లకు 12 వోల్టుల దగ్గర 42 ఆంపియర్లు పారితే, 24 దగ్గర 21 పారుతాయి, అదే వైరులో వృథా అయ్యేది నాలుగో వంతుకు పడిపోతుంది.

బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్‌కు వీలైనంత దగ్గరలో ఫ్యూజు తప్పనిసరి. ఇళ్లలో వాడే ఏసీ ఎంసీబీని (కరెంటు మితిమీరితే దానంతటదే ఆపే బ్రేకర్‌ను) ఇక్కడ బిగించవద్దు. ఏసీ కరెంటు ప్రతి సైకిల్‌లో సున్నాకు వస్తుంది కాబట్టి స్విచ్ తెరవగానే నిప్పురవ్వ ఆరిపోతుంది, డీసీలో అలా జరగదు, తెరిచిన కాంటాక్టుల మధ్య మంట నిలిచిపోవచ్చు. కనుక డీసీకి అని ముద్రించిన బ్రేకరే తీసుకోవాలి. కనెక్షన్ ఇచ్చేటప్పుడు ముందు బ్యాటరీని ఛార్జ్ కంట్రోలర్‌కు (ప్యానెల్ నుంచి బ్యాటరీకి వెళ్లే ఛార్జింగ్‌ను అదుపు చేసే పెట్టెకు), తరువాత ప్యానెల్‌ను కలపాలి, విప్పేటప్పుడు ప్యానెల్‌ను ముందు విప్పాలి.

చలిలో ప్యానెల్ వోల్టేజీ పెరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర లేబుల్ మీద రాసిన ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ (ప్యానెల్‌కు ఏమీ కలపనప్పుడు ఉండేది) సున్నా డిగ్రీల దగ్గర ఏడెనిమిది శాతం ఎక్కువగా ఉంటుంది, కాబట్టి కంట్రోలర్ గరిష్ఠ పరిమితికి సరిగ్గా అంచున నిలిచేలా ప్యానెళ్లను సిరీస్‌లో, అంటే వోల్టేజీలు కూడేలా ఒకదాని తరువాత ఒకటిగా, కలపవద్దు. ఇక నీడ. ఒక కొమ్మ నీడ మూలనున్న రెండు మూడు సెల్స్ మీద పడినా, సాధారణంగా ఆ ప్యానెల్‌లో మూడో వంతు పనిచేయడం మానేస్తుంది. ఇల్లు నీడలో ఉంటే, ప్యానెళ్లను కప్పు మీదే పెట్టాలన్న పట్టు వదిలి ఎండ బాగా పడే చోట నేల మీద స్టాండు వేయించండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఒక విషయం చెప్పలేదు. చలికాలం రాత్రుల్లో అక్కడ బకెట్‌లోని నీళ్లు గడ్డ కడతాయి. బ్యాటరీ ఉండేది బయటి గదిలో. దీనివల్ల లిథియానికి ఏమైనా ఇబ్బందా?

జవాబు 3

చాలా ముఖ్యమైన విషయం చెప్పారు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని సున్నా డిగ్రీల కంటే తక్కువ చలిలో ఛార్జ్ చేయకూడదు. అప్పుడు లిథియం లోహంగా మారి లోపలి ఎలక్ట్రోడ్ మీద పేరుకుంటుంది, అలా జరిగిన నష్టం మళ్లీ పూడదు. ఆ చలిలో బ్యాటరీ నుంచి కరెంటు వాడుకోవడానికి మాత్రం ఫరవాలేదు. కాబట్టి మొదటి జవాబుతో నేను కొంతవరకే ఏకీభవిస్తాను. లిథియం తీసుకుంటే, చలిలో ఛార్జింగ్‌ను దానంతటదే ఆపే బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే లోపలి సర్క్యూట్) ఉన్నదే తీసుకుని, బ్యాటరీని మీరు పడుకునే గదిలోకి మార్చండి. అలా కుదరకపోతే లెడ్ యాసిడ్ మేలు. దానికి కూడా ఒక షరతు ఉంది. నిండుగా ఛార్జ్ అయిన యాసిడ్ గట్టి చలికి కూడా తట్టుకుంటుంది, ఖాళీ అయిన బ్యాటరీలో మాత్రం యాసిడ్ పలచబడి నీటి గుణానికి దగ్గరవుతుంది కనుక సున్నాకు కొన్ని డిగ్రీల దిగువనే గడ్డకట్టి పెట్టె పగలవచ్చు. ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆ గదికి పైన గాలి పోయే దారి ఉండాలి.

తాళం వేసే రోజున చేయవలసింది రకాన్ని బట్టి మారుతుంది. లెడ్ యాసిడ్ అయితే ఇన్వర్టర్, ఫ్రిజ్, మిగతా వాడకాలన్నీ ఆపి, ప్యానెల్, కంట్రోలర్ మాత్రం పనిచేస్తూ ఉండేలా వదిలేయాలి. ప్లేట్లు మునిగేలా డిస్టిల్డ్ వాటర్ పోసి రావాలి, అది కూడా ఛార్జింగ్ నిండిన తరువాతే. లిథియం అయితే సగం ఛార్జి దగ్గర ప్యానెల్‌ను, ఆ తరువాత బ్యాటరీని విడదీసి రావడం మంచిది.

తిరిగి వెళ్లినప్పుడు వెంటనే ఫ్రిజ్ వేయకుండా వోల్టేజీ చూడండి. 24 వోల్టుల లెడ్ యాసిడ్ సెట్, ఛార్జి గానీ వాడకం గానీ లేకుండా కొన్ని గంటలు ఉన్నాక 25.4 చూపితే నిండుగా ఉన్నట్టు, 24.2 చూపితే సగానికి వచ్చినట్టు. టెర్మినళ్ల మీద తెల్లని పొడి పేరుకుని ఉంటే విప్పి శుభ్రం చేసి, బిగించి, వ్యాజ్‌లైన్ పూయండి. ప్యానెళ్ల వెనుక వైర్లను ఎలుకలు కొరికాయేమో వేలితో తడిమి చూడండి, అయితే ఆ పని బ్రేకర్ ఆపాక, పొద్దుపోయాక చేయండి, ఎండ తగిలితే ప్యానెల్ తీగల్లో కరెంటు ఉన్నట్టే. అద్దాలను మెత్తటి గుడ్డతో ఉదయం చల్లగా ఉన్నప్పుడే కడగాలి, కాలిన అద్దం మీద చన్నీళ్లు పోస్తే పగిలే ప్రమాదం ఉంది.