ఘాట్ ఎక్కేటప్పుడు పికప్ పోతా ఉంది, కాసేపు ఆపితే మళ్లీ బాగైపోతాది, 2011 డీజిల్ బండి

పలమనేరు_బండి:
అన్నలూ, నేను బెంగళూరులో కేఆర్ పురం సైడు ఉంటా. 2011 మోడల్ డీజిల్ హ్యాచ్‌బ్యాక్, 1.3 లీటర్ కామన్ రైల్ టర్బో ఇంజను, మీటరు లక్షా అరవై వేలు దాటింది. సిటీలో టిన్ ఫ్యాక్టరీ జామ్‌లో పాకేటప్పుడు ఏ కంప్లైంటూ లేదు, ఏసీ వేసినా బాగానే లాగుతాది. తిప్పలంతా హైవే మీదే. చిత్తూరు నుంచి తిరిగొస్తా బంగారుపాళ్యం దాటి మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు, నాలుగో గేర్లో లోడ్ మీద ఉన్నప్పుడు, ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టు ఒక్కసారిగా పికప్ పోతాది. యాక్సిలరేటర్ నేలకి తొక్కినా 2000 ఆర్‌పీఎం దాటదు, లోడు లారీలు కూడా హారన్ కొట్టి దాటుకుని పోతాయి. పక్కకి ఆపి కాసేపు ఉండి స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టు పోతాది. ఒక్కోసారి వారాల తరబడి ఏమీ ఉండదు, ఒక్కోసారి కోలార్ బైపాస్ మీదే మొదలు. చెక్ లైట్ వచ్చి దానంతట అదే ఆరిపోయింది కూడా.

ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్ మార్పించినా, ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజన్లోకి పంపే వాల్వు) విప్పి కడిగించినా. కొన్నాళ్లు బాగుంది, మళ్లీ అదే కథ. ఇప్పుడు షెడ్డాయన డీజిల్ చిమ్మే నాలుగు ఇంజెక్టర్లూ మార్చల్ల అంటాడు, ఇంకోచోట హై ప్రెషర్ పంపు అన్నారు, మూడో ఆయన టర్బో పోయింది అన్నాడు. ముగ్గురూ బానెట్ ఎత్తి చూసి చెప్పినోళ్లే, బండి నడిపి చూసినోడు ఒక్కడూ లేడు. 15 ఏళ్ల ఎఫ్‌సీ కూడా దగ్గర పడింది, ఇంట్లో అమ్మేయమంటా ఉండారు. అమ్మాలన్నా ఇట్ల ఉంటే ఎవురు కొంటారు. ఎక్కడ నుంచి మొదలు పెట్టల్లో చెప్పండి.

హెబ్బాళ్_కుర్రోడు:
డీపీఎఫ్, అదే పొగలో మసిని పట్టే ఫిల్టర్, బ్లాక్ అయ్యుంటది బ్రో. నైస్ రోడ్డు ఎక్కి ఒక అరగంట గట్టిగా తొక్కు, కాలిపోయి క్లీన్ అయిపోద్ది.

డీజిల్_పిచ్చి:
2011 బండికి డీపీఎఫ్ ఎక్కడిది తమ్ముడూ, మన దగ్గర చిన్న డీజిల్ కార్లకి అది 2020లో బీఎస్6 పొల్యూషన్ రూల్స్ వచ్చాక ఎక్కింది. ఇది బీఎస్4 బండి, ఆ గొడవే లేదు.

పలమనేరు అన్నా, ఇంజెక్టర్ల మీద ఒక్క రూపాయి కూడా ఇప్పుడే పెట్టకండి, ముందు ఇవి చెప్పండి. పికప్ పోయినప్పుడు సైలెన్సర్ లోంచి నల్ల పొగ వస్తందా లేదా? డీజిల్ ఇంజను మొత్తం దీని మీదే పట్టుబడుద్ది. డీజిల్ సరిపడా పడి గాలి తక్కువైతే నల్ల పొగ కక్కుద్ది, అంటే ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) హోస్ చిరగడం, టర్బో సరిగ్గా ఊదకపోవడం, ఈజీఆర్ తెరుచుకుని ఇరుక్కుపోవడం లాంటివి. పొగ అస్సలు లేకుండా బండి నీరసపడితే డీజిలే అందట్లేదని అర్థం. ఇంకోటి, ఆగిన వెంటనే కీ ఆఫ్ చేసి ఆన్ చేస్తే బాగైపోద్దా, లేక నాలుగైదు నిమిషాలు ఆగితేనే బాగవుద్దా? కీ తిప్పగానే బాగైతే ఈసీయూ, అంటే ఇంజను కంప్యూటర్, తనే లింప్ మోడ్‌లోకి వెళ్లి పవర్ కట్ చేసి, రీస్టార్ట్‌తో వదిలేసిందని. ఆగితే తప్ప బాగవట్లేదంటే లోపల నిజంగానే ఏదో అడ్డం పడి తర్వాత సర్దుకుంటంది. ట్యాంకులో డీజిల్ ఎంత ఉన్నప్పుడు వస్తందో, వేడి మీద స్టార్టింగ్ ఎట్లా ఉందో కూడా చెప్పండి.

చెన్నై_చిన్నోడు:
మాది వేరే బండి గానీ ఇలాగే ఉండేది, మూడు వేల ఆర్‌పీఎం దగ్గర టక్కున కట్ అయిపోయేది, కీ ఆఫ్ ఆన్ చేస్తే వెంటనే ఓకే. టర్బో ఊదుడుని కంట్రోల్ చేసే యాక్చుయేటర్‌కి వెళ్లే వాక్యూమ్ పైపు వేడికి పగిలింది, రబ్బరు ముక్క, అంతే. అప్పటికే ఒకరు టర్బో మొత్తం మార్చమని కొటేషన్ ఇచ్చేశారు. స్కానర్‌లో పీ0299 వచ్చింది, అంటే టర్బో బూస్ట్ తక్కువ అని. మీదీ అదేనేమో చూడండి.

పలమనేరు_బండి:
డీజిల్ అన్నా, పొగ లేదు. పోయిన సారి మా బామ్మర్ది వెనకనే బైక్‌లో వచ్చినాడు, చుక్క పొగ రాలేదని గ్యారంటీగా చెప్తాడు. కీ వెంటనే తిప్పితే స్టార్ట్ అవుతాది గానీ పికప్ రాదు, పది నిమిషాలు ఆపితేనే వస్తాది. వేడి మీద కూడా ఫస్ట్ సెల్ఫ్‌కే అందుకుంటాది, ఆ ఇబ్బంది ఎప్పుడూ లేదు. ట్యాంకు సంగతి మీరు అడిగినాక ఆలోచిస్తే, ఊరికి పోయేటప్పుడు ఇక్కడ ఫుల్ చేస్తా, వచ్చేటప్పటికి పావు కంటే తక్కువ ఉంటాది. అది లెక్కలోకి తీసుకోలేదు ఇంతవరకూ. ఎస్పీ రోడ్డులో బండి ఎర్రర్ కోడ్లు చదివే బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ ఒకటి తెచ్చి ఫోన్‌కి కలిపినా, పీ0087 అని స్టోర్ అయ్యుంది. రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకి పోయే డీజిల్ ఒత్తిడి) నంబరు మాత్రం ముప్పై వేలు చూపిస్తా ఉంది, అది చూసి గుండె ఆగినంత పనైంది.

స్పానర్_మామ:
వర్క్‌షాప్‌లో పని చేస్తా కాబట్టి చెప్తున్న, ఆ ముప్పై వేలు కిలోపాస్కల్స్ తమ్మీ, వంద కిలోపాస్కల్స్ అంటే ఒక బార్, అంటే 300 బార్. ఐడిల్‌కి అది కరెక్టే. లోడ్ మీద తొక్కితే వెయ్యి బార్ దాటి పోవాలె. పీ0087 అంటే రైల్‌లో ప్రెషర్ తక్కువ అని, ఆ కోడ్ చూడంగనే చానామంది పంపో ఇంజెక్టరో అని ఫిక్స్ అయిపోతరు. ఇంజెక్టర్లు రిటర్న్‌లోకి, అంటే డీజిల్ వెనక్కి పోయే పైపులోకి, ఎక్కువ లీక్ అవుతుంటే స్టార్టింగ్ అప్పుడు ప్రెషర్ బిల్డ్ కాక, ముఖ్యంగా వేడి మీద సెల్ఫ్ చాలాసేపు కొట్టాల్సొస్తది, నీకు అది లేదు. పంపు అరిగిపోయి ఉంటే పది నిమిషాలు ఆగితే మళ్లీ కొత్తదైతదా? కాదు కదా.

నా లెక్క ప్రకారం ట్యాంకు సైడ్ చూడు. పాత ట్యాంకులో అడుగున నీళ్లు చేరితే, ఆ నీళ్లకీ డీజిల్‌కీ మధ్యల ఒక రకం క్రిములు పెరిగి గోధుమ రంగు జిగురు తయారైతది. ట్యాంకు నిండుగ ఉన్నప్పుడు అది అడుగునే పడి ఉంటది, పావుకి వచ్చినంక ఘాట్ మీద డీజిల్ అటూఇటూ ఊగితే లేచి డీజిల్ లాగే పికప్ పైపు జాలీకి పోయి అంటుకుంటది. సిటీల డీజిల్ తక్కువ తాగుతది కాబట్టి జాలీ సగం మూసుకున్నా నడిచిపోతది, ఘాట్‌ల ఫుల్ లోడ్ మీద మాత్రం చాలదు. ఇంజను ఆపినంక లాగుడు ఉండదు కదా, అది నెమ్మదిగ ఊడి కిందికి దిగుతది, బండి మళ్లీ బాగైనట్టు అనిపిస్తది. కొత్త ఫిల్టర్ వేసినంక కొన్నాళ్లు బాగుండడం కూడా దీనికే సరిపోతది, అదే చెత్త మళ్లీ కొత్త ఫిల్టర్ నింపింది.

ట్యాంకు దించేముందు డీజిల్ ఫిల్టర్ కింద ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి ఒక గాజు గ్లాసులోకి పట్టు, నీళ్లుంటే అడుగున వేరుగ కనిపిస్తయి. తర్వాత ఫిల్టర్‌కి వచ్చే లైన్‌ల ఒక జానెడు ట్రాన్స్‌పరెంట్ హోస్ పెట్టించు, డీజిల్‌ని తట్టుకునేదే తీసుకో, మామూలు నీళ్ల పైపు పెడితే రెండు రోజుల్ల మెత్తబడుతది. ఇంజను తిరుగుతుంటే అందుల బుడగలు వస్తున్నయంటే గాలి లాగుతున్నట్టు, ఎక్కడో క్లిప్ వదులో పైపు చిట్లిందో. కొన్ని బండ్లల ట్యాంకులోనే ఎలక్ట్రిక్ పంపు ఉంటది, కొన్నిట్ల హై ప్రెషర్ పంపే లాక్కుంటది, నీది ఏదో కనుక్కో. ట్యాంకుల పంపు ఉంటే ఇగ్నిషన్ ఆన్ చేసినప్పుడు వెనక సీటు దగ్గర సన్నగ సౌండ్ వినిపించాలె, లేకుంటే రిలే, వైరింగ్ చూసుకోవాలె.

డీజిల్_పిచ్చి:
మామ చెప్పింది కరెక్ట్. చెన్నై తమ్ముడి కోణం కూడా కొట్టిపారేయక్కర్లేదు గానీ పీ0299 రాలేదు, పొగ లేదు, కీ తిప్పితే బాగవట్లేదు, కాబట్టి టర్బో అనుమానం వెనక్కి పోయింది. అయినా డాంగిల్ ఎలాగూ ఉంది కాబట్టి ఇంజను ఆఫ్‌లో, ఇగ్నిషన్ ఆన్‌లో మ్యాప్ సెన్సార్ (ఇంజన్లోకి పోయే గాలి ఒత్తిడి కొలిచేది) ఎంత చూపిస్తందో చూసేయండి. బెంగళూరు 900 మీటర్ల పైన ఉంది కాబట్టి 90 చిల్లర కిలోపాస్కల్స్ రావాలి. చెన్నైలో అయితే 100 వస్తది, అక్కడి లెక్కలు యూట్యూబ్‌లో చూసి ఇక్కడ సెన్సార్ పోయిందని మార్చేసే మహానుభావులున్నారు.

హెబ్బాళ్_కుర్రోడు:
ట్యాంకులో పోసే క్లీనర్ సీసా ఒకటి వేస్తే సరిపోదా మామా, ట్యాంకు దించే ఖర్చెందుకు?

స్పానర్_మామ:
ఆ జిగురు కరిగి పోదు తమ్మీ, ముక్కలై మొత్తం లైన్‌లకు పోతది. ఇంజెక్టర్ రంధ్రాలు దాదాపు వెంట్రుకంత సన్నం. చెత్త ఉంటే బయటికి తీయాలె, లోపలికి తోయొద్దు.

పలమనేరు_బండి:
అప్‌డేట్ అన్నలూ. గ్లాసులో పట్టినా, అడుగున వేలెడు నీళ్లు, మధ్యలో టీ డికాషన్ రంగు పొర. ఇది చూపించి షెడ్డులో ట్యాంకు దింపించినా. పికప్ జాలీ మీద గోధుమ రంగు జెల్లీ, వేలితో గీకితే సాగుతా వస్తా ఉంది, ఫోటో తీసినా గానీ అన్నం తినే టైంలో పెట్టొద్దని ఆపినా. ట్యాంకు కడిగి ఆరబెట్టి, లైన్లు ఊదించి, ఫిల్టర్ కొత్తది వేసినారు, జేసీ రోడ్డులో తెచ్చినా దాన్ని. ఇంజెక్టర్ల మాట ఎత్తిన ఆయనే చూసి, ఇది ముందే తెలిసుంటే అన్నాడు, నేనేం మాట్లాడలేదు. హోస్కోటె వరకు పోయి తొక్కితే 1300 బార్ దాకా పోయింది, ఎక్కడా పడలేదు. ఘాట్ ఇంకా ఎక్కలేదు, పండగకి పోయొచ్చేటప్పుడు తెలుస్తాది.

స్పానర్_మామ:
మంచిది. పోయేటప్పుడు ఇంకో డీజిల్ ఫిల్టర్, స్పానర్ డిక్కీల పెట్టుకో. లైన్‌ల మిగిలిన చెత్త మొదటి వెయ్యి కిలోమీటర్లల వచ్చి దాన్ని నింపే అవకాశం ఉన్నది. వచ్చేటప్పుడు ట్యాంకు కావాలనే పావుకి తెచ్చి మొగిలి ఎక్కు, డాంగిల్ రికార్డింగ్ ఆన్‌ల పెట్టు. ప్రెషర్ పడితే ఆ ఫైల్ ఇక్కడ పెట్టు, అప్పుడు నాలుగు సీసాలు కట్టి ఇంజెక్టర్ రిటర్న్ కొలుద్దాం.