అప్‌డేట్: నాయన నోటి క్యాన్సర్ నొప్పి, మాత్ర వేళలు మార్చాక

కావలిలో ఉన్న మా నాయనకు మార్ఫిన్ (గట్టి నొప్పి మందు) వేస్తున్నా రాత్రిళ్లు దవడనొప్పి ఎందుకు తగ్గట్లేదని పోయిన నెల అడిగాను గదా. లోపం మందులో లేదు, వేళల్లో ఉంది. నొప్పి లేచాక వేస్తుంటిమి. మామూలు మార్ఫిన్ మాత్ర పనిచేసేది నాలుగు గంటలే. ఇప్పుడు గడియారం చూసి పొద్దున ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు. రాత్రి పదికి డాక్టరు చెప్పారు గనక రెట్టింపు మోతాదు, నడిరేయి లేపే పని లేకుండా.

నోరు రెండు వేళ్ల సందు కూడా తెరుచుకోదు, అందుకని మాత్ర నలిపి నీళ్లలో కలిపి ఇస్తున్నాం. ఎస్‌ఆర్ (మెల్లగా విడుదలయ్యే రకం) అని రాసున్నదాన్ని మాత్రం నలపకూడదు: 12 గంటల మందు ఒక్కసారే ఒంట్లోకి దిగి ఊపిరి మందగిస్తుంది. మార్ఫిన్‌తో వచ్చే వికారం కొద్దిరోజుల్లో పోతుంది. మలబద్ధకం పోదు, విరేచనం మాత్ర మొదటిరోజు నుంచే పడాలి.

చెవిలోకి కరెంటు షాకులా కొట్టే పోటు నరానిది. దానికి గాబాపెంటిన్ వేరే రాశారు. పుండు మంటకు లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో టీ చెంచాడు ఉప్పు, టీ చెంచాడు వంటసోడా కలిపి పుక్కిలింపు. తినేముందు లిగ్నోకెయిన్ జెల్ రాస్తే నోరు మొద్దుబారి వేడి తెలియదు, పొలమారొచ్చు కూడా. అందుకని రాగిజావ గోరువెచ్చగా చేసి, నిటారుగా కూర్చోబెట్టి, చెంచాతో కొంచెం కొంచెంగా పట్టండి.