హెచ్‌టీఆర్-8 ఇన్వేజన్ అస్సే: టీజీఎఫ్-బీటా ఒకసారి పనిచేస్తుంది, ఇంకోసారి లేదు

ట్రోఫోబెంచ్:
మావి కణాలు జెల్ పొరను తొలుచుకుని ఎంత కిందికి దిగుతాయో చూసే పరీక్ష ఇది. 24 వెల్ (గుంటలు) ఉన్న ప్లేటు, 8 మైక్రాన్ల రంధ్రాలున్న ఇన్సర్టులు (వెల్‌లో పెట్టే చిన్న కప్పులు), మ్యాట్రిజెల్ (ప్రోటీన్ల జెల్) పూత. పైన సీరం లేని మీడియాలో 50 వేల హెచ్‌టీఆర్-8/ఎస్‌వీనియో కణాలు (ల్యాబ్‌లో పెంచే ట్రోఫోబ్లాస్ట్ కణాలు, అంటే గర్భాశయంలోకి చొరబడే మావి కణాల రకం), కింద 10% సీరం, 24 గంటలు. ఈజీఎఫ్ అనే గ్రోత్ ఫ్యాక్టర్ (మిల్లీలీటరుకు 10 నానోగ్రాములు) వేస్తే కిందికి దిగే కణాలు బాగా పెరుగుతున్నాయి. చొరబాటును ఆపే సంకేత ప్రోటీన్ టీజీఎఫ్-బీటా1 వేస్తే తగ్గాలి కదా? ఒకసారి తగ్గుతోంది, ఇంకోసారి కంట్రోల్‌తో సమానంగా వస్తోంది. ఎక్కడ చూడాలి?

మావిగూడు:
ముందు వయల్‌ని అనుమానించండి. టీజీఎఫ్-బీటా పొడిని మామూలు పీబీఎస్ (ఉప్పు బఫర్)లో కలిపితే ట్యూబు గోడకే అంటుకుపోతుంది. 4 మిల్లీమోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో, మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము బీఎస్‌ఏ (ఆల్బుమిన్ ప్రోటీన్) వేసి కలపండి. చిన్న చిన్న భాగాలు చేసి -80లో పెట్టండి, కరిగించింది మళ్లీ గడ్డకట్టించొద్దు. ఇన్సర్టులు పెట్టే ముందే గంటసేపు కణాలకు ఇచ్చి ఫాస్ఫో-స్మాడ్2కి (టీజీఎఫ్-బీటా సంకేతం కణానికి అందిందని చూపే ప్రోటీన్) వెస్టర్న్ (ప్రోటీన్‌ను బ్యాండ్‌గా చూపే పరీక్ష) చేయండి. ఆ బ్యాండ్ రాకపోతే ఇన్సర్టులు దండగే.

రెండోది, మామూలు మ్యాట్రిజెల్‌లోనే టీజీఎఫ్-బీటా ఉంటుంది, ఈజీఎఫ్ కూడా. సీరంలోనూ ప్లేట్‌లెట్ల నుంచి వచ్చింది ఉంటుంది. అంటే మీ కంట్రోల్‌కి ముందే బ్రేకు పడి ఉంది. గ్రోత్ ఫ్యాక్టర్లు తగ్గించిన రకం వాడండి.

చల్లనిచిట్కా:
ఈజీఎఫ్ ఫలితాన్నీ అంత తేలిగ్గా నమ్మను. అది కణవిభజననూ పెంచుతుంది. అదే మోతాదులో పక్క ప్లేటులో కణాలు లెక్కపెట్టండి, పూత లేని ఇన్సర్టులూ పెట్టి నిష్పత్తి తీయండి. ఈజీఎఫ్ కింద మాత్రమే వేశారా, రెండువైపులానా? రెండువైపులా వేస్తే కణాలు అటు ఆకర్షితమయ్యాయని చెప్పలేరు, కదలిక పెరిగిందనే చెప్పగలరు.

జెల్‌ని రాత్రంతా 4 డిగ్రీల దగ్గర ఐసులో కరిగించాలి, టిప్పులూ చల్లగా ఉండాలి. 10 డిగ్రీలు దాటితే గడ్డకట్టడం మొదలవుతుంది, పూత ఒకచోట మందం, ఒకచోట పలచన. వెల్‌కీ వెల్‌కీ తేడా ఎక్కువసార్లు ఇక్కడే పుడుతుంది. అంచుల్లో జెల్ ఎప్పుడూ మందమే, లెక్కకు ఆ భాగం వదిలేయండి.

డెసిడ్యువా:
గర్భంలో ఈ బ్రేకు వేసే వాటిలో డెసిడ్యువా (గర్భంలో మారిన గర్భాశయపు లోపలి పొర) ఒకటి: టీజీఎఫ్-బీటా, ఎంజైములను ఆపే టింప్-1 ప్రోటీన్‌ను పెంచి, కణాల చుట్టూ ఉండే మ్యాట్రిక్స్‌ను కోసే ఎంజైములను అణచేస్తుంది. 2018లో వచ్చిన ట్రోఫోబ్లాస్ట్ మూలకణాల పద్ధతిలో చొరబడే కణాలు తయారుచేయడానికి న్యూరెగ్యులిన్-1 అనే గ్రోత్ ఫ్యాక్టర్‌తో పాటు, టీజీఎఫ్-బీటా గ్రాహకాన్ని (రిసెప్టర్) ఆపే ఏ83-01 అనే రసాయనం వాడడంలోని తర్కమూ అదే. సిజేరియన్ మచ్చ మీద మావి అతుక్కుపోయినప్పుడు కణాలు మితిమీరిపోయాయని రాసేస్తుంటారు. అక్కడ డెసిడ్యువా లేకపోవడమే ముఖ్యమని నా అభిప్రాయం.

ఇంకో మాట: పది వారాల లోపు మావి చుట్టూ ఆక్సిజన్ సుమారు 2-3 శాతమే. ఇంక్యుబేటర్‌లో దాదాపు 20. ఏ స్థాయిలో చేశారో రాయండి. హెచ్‌టీఆర్-8లో స్ట్రోమల్ (సంధాయక కణజాలపు) లక్షణాల కణాలూ కలిసి ఉంటాయి, అందుకని ట్రోఫోబ్లాస్ట్ గుర్తులైన సైటోకెరాటిన్-7, హెచ్‌ఎల్‌ఏ-జీ ప్రోటీన్లు తప్పక చూడండి.

ట్రోఫోబెంచ్:
వయల్ పీబీఎస్‌లోనే కలిపి ఉంది. హెచ్‌ఎల్‌ఏ-జీకి ఏ యాంటీబాడీ?

డెసిడ్యువా:
ఫ్లో సైటోమెట్రీకి (కణాలను ఒక్కొక్కటిగా కొలిచే పద్ధతి) మెమ్-జీ/9, వెస్టర్న్‌కి 4హెచ్84. తారుమారు చేస్తే పనిచేయవు.