లాల్‌బాగ్ వంటి పాత తోటల్లో పూలతో నీడ గడియారం తగునా?

మిద్దెతోట (చర్చ ప్రారంభం):
బెంగళూరు లాల్‌బాగ్‌కు వెళ్ళిన తెలుగువారిలో హెచ్.ఎం.టి. సంస్థ బహూకరించిన పూల గడియారం ముందు ఫోటో దిగనివారు అరుదు. అయితే 1760లో హైదర్ అలీ నాటించడం మొదలుపెట్టిన తోటలో మోటారుతో తిరిగే ముళ్ళ కంటే, ఏడు మీటర్ల వ్యాసం ఉన్న గుండ్రటి పూలమడి మీద ఎండే గంట చూపే నీడ గడియారం ఎక్కువ నప్పుతుందని నా వాదన. అన్నవరం కొండ మీద 1943లో పిడపర్తి కృష్ణమూర్తి శాస్త్రి గారు నిర్మించిన నీడ గడియారాన్ని చూసి, తమ చేతి గడియారంతో సరిపోల్చుకోని భక్తులు ఉండరు. ఆ ఆసక్తి పూల మధ్య మరింత పెరగదా?

గోళగణితం:
మిద్దెతోట గారూ, మీ ఊహ అందంగానే ఉంది కానీ, బెంగళూరు అక్షాంశం దానికి అడ్డు వస్తుంది. నీడనిచ్చే పలక వాలు అంచు భూమి అక్షానికి సమాంతరంగా ఉండాలి కాబట్టి, అక్కడ అది నేల నుంచి సుమారు 13 డిగ్రీలే లేస్తుంది. అలా పడుకున్నట్లున్న పలకతో మధ్యాహ్నపు గంటల గీతలన్నీ ఒకచోట ఇరుక్కుపోతాయి: మీరు చెప్పిన ఏడు మీటర్ల మడిలో 11 గంటల గీతకూ 12 గంటల గీతకూ మధ్య అంచు దగ్గర దాదాపు 21 సెంటీమీటర్లే మిగులుతాయి, సాయంత్రం 5కూ 6కూ మధ్య మాత్రం మూడు మీటర్లు వస్తాయి. అదే మడి 56 డిగ్రీల అక్షాంశంలో ఉన్న స్కాట్లాండ్ నగరం ఎడిన్‌బరోలో ఉంటే 11, 12 గీతల ఎడం 76 సెంటీమీటర్ల దాకా ఉంటుంది.

ఇది చాలదన్నట్టు, మొక్క పెరుగుతుంది. నాలుగు వేళ్ళ ఎత్తు పెరిగినా, సూర్యుడు వాలి ఉన్న ఉదయం, సాయంత్రం వేళల్లో నీడ గీత తప్పిన చోట పడుతుంది. పైగా సూర్యబింబం ఆకాశంలో అర డిగ్రీ వెడల్పు ఉంటుంది కాబట్టి నీడ అంచు చెదిరే ఉంటుంది. చదునైన రాతి మీద కంటికి ఆనే ఆ అంచు రేకుల మీద ఆనదు. ఇక పాత తోట అంటేనే పెద్ద చెట్లు, నీడ గడియారానికి చెట్టు నీడే మొదటి శత్రువు.

పూలసజ్జ:
పాత తోటకు మోటారు ముళ్ళు నప్పవన్న మాట మీదే నా అభ్యంతరం. ఎడిన్‌బరో ప్రిన్సెస్ స్ట్రీట్ ఉద్యానంలో 1903లో పెట్టిన పూల గడియారానికి మొదట గంటల ముల్లు ఒక్కటే ఉండేది, నిమిషాల ముల్లు మరుసటి ఏడు చేర్చారు, 1973 దాకా దానికి చేత్తోనే కీ ఇచ్చేవారు. యంత్రం ఉన్నంత మాత్రాన అది తోట చరిత్రకు పరాయిది కాలేదు. లాల్‌బాగ్‌లో ఉన్నదాన్ని తీసి మరొకటి పెట్టడం నాకు సమ్మతం కాదు. పూలే కాలం చెప్పాలంటే సాయంత్రం విచ్చే చంద్రకాంతను నాటుకోవచ్చు, అందుకు గడియారమే అక్కరలేదు.

మిద్దెతోట:
ఉన్నదాన్ని తీసేయాలన్న ఉద్దేశం నాకు లేదు, నా మాట అలా ధ్వనించి ఉంటే సవరించుకుంటున్నాను. గోళగణితం గారి లెక్కలో మొదటిది కాదనలేను. అందుకే గీతలన్నీ రాతి పలకల మీద చెక్కి, ఉదయం, సాయంత్రం గంటల నడుమ ఉన్న వెడల్పాటి ముక్కల్లో మాత్రమే, కత్తిరింపుకు లొంగి పొట్టిగా ఉండే రంగు ఆకుల ఆల్టర్నాంథెరా వేయవచ్చు. 11 నుంచి 1 వరకు పూలు వద్దు, రాయే ఉండాలి. మడి పక్కన నెలవారీ సవరణ పట్టిక తప్పనిసరి, ఎందుకంటే బెంగళూరులో నీడ గంట మన చేతి గడియారం కంటే ఫిబ్రవరి మధ్యలో సుమారు 34 నిమిషాలు, నవంబరు మొదట్లో మూడే నిమిషాలు వెనుకబడి ఉంటుంది.

గోళగణితం:
రాతి గీతలైతే నా అభ్యంతరం సగం తగ్గింది. చెట్ల సంగతి మిగిలింది: ఉదయం 7 నుంచి సాయంత్రం 5 దాకా ఎండ తగిలే చోటు ఆ తోటలో ముందు వెతికి చూపండి.