అప్‌డేట్: మొద్దుల్లో మేకులు పట్టే డిటెక్టర్ తీసుకున్నాం
ప్రొద్దుటూరు దగ్గర మా సామిల్లులో కోసే మొద్దుల్లో మేకులు వెతకడానికి ఏ మెటల్ డిటెక్టర్ మంచిదని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. సెక్యూరిటీ వాళ్లు వాడే చేతికర్ర రకం వద్దనుకుని, పెద్ద కాయిల్ (లోహాన్ని పసిగట్టే తీగచుట్ట) ఉన్నది కొన్నాం. చేతికర్రకి బెరడు కింద అంగుళమో రెండంగుళాలో తప్ప అందదు. రోడ్డు పక్క వేపచెట్లకి ఫ్లెక్సీల కోసం కొట్టిన మేకులేమో ఏళ్లు గడిచేకొద్దీ లోపలికి పోయి ఉంటాయి. మేకులు ఎవరు కొడతారో గానీ, వాటికి తగిలి పాడయ్యే బ్లేడు మాత్రం మాది!

పెద్ద కాయిల్ మేకు కచ్చితంగా ఎక్కడుందో చూపదు. ఆ చోటు పట్టుకోడానికి పిన్‌పాయింటర్ అనే చిన్న చేతి డిటెక్టర్ వాడుతున్నాం. మొద్దుని ఇనుప ట్రాలీ మీద పెట్టి చూస్తే డిటెక్టర్ ఒకటే కూత, అందుకే చెక్క దిమ్మెల మీదికెత్తి దొర్లిస్తూ చూడాలి. తుమ్మ మొద్దు కొసన నీలి నలుపు మరక కనిపిస్తే ఇనుము ఉందేమోనని అనుమానించాల్సిందే. రాళ్లు, పింగాణీ ముక్కలు ఏ డిటెక్టర్‌కీ దొరకవు. వాటికి బెరడు ఒలిచి కళ్లతో చూసుకోవడమే.