లాయరు ఆఫీసులో ఇచ్చిన మన కాగితాలు, వాట్సాప్‌లో పంపిన ఫొటోలు చివరికి ఎవరి చేతుల్లోకి వెళ్తాయి?

శిరీష_హైదరాబాద్:

నమస్తే అండి. నాకు ఫ్యామిలీ కోర్టులో విడాకులు, మెయింటెనెన్స్ కేసు నడుస్తోంది. నలుగురైదుగురు లాయర్లు కలిసి నడిపే ఆఫీసు, పేరు ఇక్కడ రాయను. మొదటిరోజే ఆధార్, పాన్, బ్యాంకు స్టేట్‌మెంట్లు, జీతం స్లిప్పులు, ఆసుపత్రి రిపోర్టులు, మా ఆయనతో నడిచిన చాట్ మొత్తం అడిగారు. కేసుకు కావాలి కదా, ఇచ్చాను. అన్నీ గుమాస్తా గారి సొంత నంబరుకే వాట్సాప్ చేయమన్నారు.

మొన్న వాయిదాకి ముందు డ్రాఫ్ట్ చదువుకోమని ప్రింట్ తీసి చేతికిచ్చారు. ఇంటికొచ్చి కాగితం తిప్పితే వెనకవైపు ఇంకెవరిదో పిటిషన్. ఒకవైపు వాడేసిన కాగితాల మీదే రెండోవైపు ప్రింట్ తీస్తున్నారన్నమాట. ఆవిడ పేరు, ఇంటి నంబరు, ఆధార్ నంబరు, అత్తింటివాళ్లు ఏమేం చేశారో తేదీలతో సహా ఉంది. రెండు లైన్లు చదివేసరికి ఇక చదవబుద్ధి కాలేదు. అప్పట్నుంచి ఒకటే టెన్షన్. నా కాగితాల వెనక ఎవరి డ్రాఫ్ట్ ప్రింటయి ఎవరింటికి చేరిందో! నా ఫైల్లో గర్భస్రావం రిపోర్టు ఉంది, మా అమ్మక్కూడా చెప్పని సంగతి అది.

ఆఫీసులో అడగొచ్చా? అడిగితే కేసు మీద శ్రద్ధ తగ్గిస్తారేమోనని భయంగా ఉంది. చట్టం ఏమైనా చెబుతుందా? వేరేవాళ్ల ఆ కాగితాన్ని నేనేం చేయాలి?

బెజవాడ_అడ్వొకేట్:

శిరీష గారూ, నిరభ్యంతరంగా అడగండి. ఇది మీ హక్కు, వాళ్లు మీకు చేసే ఉపకారం కాదు.

పాత సాక్ష్యాధారాల చట్టంలో 126వ సెక్షన్ ఉండేది, 2024 జులై 1 నుంచి దాని చోట భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 132వ సెక్షన్ వచ్చింది. వృత్తిరీత్యా లాయరుకు మీరు చెప్పిన మాట, చూపించిన కాగితంలో ఉన్న విషయం, ఆయన మీకిచ్చిన సలహా, ఏదైనా సరే మీరు స్పష్టంగా ఒప్పుకుంటే తప్ప బయటపెట్టకూడదు. కేసు అయిపోయినా, మీరు లాయరును మార్చుకున్నా ఆ బాధ్యత పోదు. నేరం చేయడానికి సలహా అడిగినా, వకాలతు తీసుకున్న తర్వాత జరిగిన నేరమో మోసమో లాయరు కంటపడినా మాత్రం ఈ రక్షణ వర్తించదు. చాలామందికి తెలియని ముక్క ఏమిటంటే అదే సెక్షన్ గుమాస్తాలకు, ఆఫీసు సిబ్బందికి, దుబాసీలకు కూడా వర్తిస్తుంది. కాబట్టి 'మా గుమాస్తా చేశాడండీ, నాకు తెలియదు' అని ప్లీడరు గారు తప్పుకోవడం కుదరదు.

ఇది ఎంత గట్టి రక్షణో చూడండి. ఈడీ ఇద్దరు సీనియర్ లాయర్లకు సమన్లు పంపిన గొడవ తర్వాత సుప్రీంకోర్టు తనంతట తానే కేసు తీసుకుని 2025 అక్టోబరు 31న తీర్పు ఇచ్చింది. చట్టంలో చెప్పిన మినహాయింపులు ఉంటే తప్ప కక్షిదారు వివరాల కోసం లాయరును పిలవకూడదు, పిలిచినా ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. లాయరు ఫోనో లాప్‌టాపో కావాలంటే దాన్ని కోర్టుకే సమర్పించాలి, తెరిచేటప్పుడు మిగతా కక్షిదారుల విషయాలు బయటపడకుండా చూడాలి. దర్యాప్తు సంస్థలకే ఇన్ని కట్టుబాట్లు పెట్టిన సమాచారాన్ని ప్రింటర్ ట్రేలో చిత్తు కాగితంగా వదిలేస్తే ఎలా? మా వృత్తిలో ఈ అలవాటు చాలాచోట్ల ఉంది, అది పోవాలి.

ఇక 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం. దాని రూల్స్ 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి, అసలు బాధ్యతలు పద్దెనిమిది నెలల తర్వాత, అంటే 2027 మే నుంచి అమల్లోకొస్తాయి. న్యాయపరమైన హక్కు కోసం డేటా వాడేటప్పుడు సమ్మతి, నోటీసు లాంటి చాలా నిబంధనల నుంచి మినహాయింపు ఉంది (17వ సెక్షన్). లేకపోతే మీ ఆయన వివరాలు పిటిషన్లో రాయడానికి ఆయన అనుమతే అడగాల్సి వచ్చేది! కానీ డేటాను భద్రంగా కాపాడే బాధ్యతకు మాత్రం ఆ మినహాయింపు లేదు, అందులో విఫలమైతే జరిమానా 250 కోట్ల దాకా వెళ్లొచ్చు. ఒక్క లోటేమిటంటే కేవలం కాగితం మీదే ఉన్న సమాచారం ఆ చట్టం కిందికి రాదు. మీ చిత్తు కాగితం సమస్యకు 132వ సెక్షన్, బార్ కౌన్సిల్ (లాయర్ల నియంత్రణ సంస్థ) నియమాలే ఆధారం.

ఇంకోటి, లాయరుకు ఇచ్చినది వేరు, కోర్టులో దాఖలైనది వేరు. మెయింటెనెన్స్ కేసుల్లో రజనేష్ వర్సెస్ నేహా తీర్పు (2020) ప్రకారం ఇరుపక్షాలూ ఆస్తులు, అప్పులు, ఆదాయం వివరంగా అఫిడవిట్ వేయాలి, అది ఎదుటి పక్షానికీ వెళ్తుంది. అందుకే మిమ్మల్ని అన్ని అడిగారు. కానీ ఆ ఆసుపత్రి రిపోర్టు అసలు దాఖలు చేయాలా వద్దా అన్నది మీతో మాట్లాడకుండా నిర్ణయించకూడదు. అవసరమైతే సీల్డ్ కవర్లో ఇస్తామని కోర్టును కోరవచ్చు. మీది హిందూ వివాహ చట్టం కింద కేసైతే 22వ సెక్షన్ ప్రకారం విచారణ బయటివాళ్లు లేకుండానే జరగాలి, వివరాలు ప్రచురించకూడదు.

కోర్టుగేటు_డీటీపీ:

మేడమ్, మాది జిల్లా కోర్టు ఎదురుగా డీటీపీ, జిరాక్స్ షాపు. ప్లీడరు గారు ఎంత గుట్టుగా ఉన్నా కాగితం ఎన్ని చేతులు మారుతుందో మేం రోజూ చూస్తాం కాబట్టి చెబుతున్నాను.

తెలుగు పిటిషన్లు చాలావరకు ఇప్పటికీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతోనే కొడతాం, చాలా ఆఫీసుల్లో ఆ టైపింగ్ వచ్చినవాళ్లుండరు. గుమాస్తా ఫోన్ నుంచి మా షాపు వాట్సాప్‌కి వస్తాయి, మా సిస్టంలో వాట్సాప్ వెబ్ పొద్దున తెరిస్తే రాత్రి దాకా తెరిచే ఉంటుంది. సాయంత్రానికి డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో ఒకళ్ల ఆధార్, ఒకళ్ల సేల్ డీడ్, ఒకళ్ల పోస్ట్‌మార్టం రిపోర్టు, ఒకళ్ల పెళ్లి ఫొటోలు అన్నీ పక్కపక్కనే. పని నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాడు కూడా అదే సిస్టం మీద కూర్చుంటాడు. తప్పులు పడిన ప్రింట్లు అట్టపెట్టెలో వేస్తాం, నిండాక కిలోల లెక్కన పాత పేపర్లవాడికి పోతాయి, అక్కడినుంచి బజ్జీల బండికి. మా షాపులో ఇప్పుడు పేరు, నంబరు ఉన్న కాగితమైతే చింపి వేస్తున్నాం, రాత్రి కట్టేసే ముందు ఫైళ్లు డిలీట్ చేసి రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేస్తున్నాం. అన్ని షాపుల్లో ఇలా చేస్తారని నేను చెప్పలేను.

మీరు చేయగలిగింది, ఆధార్ ఎప్పుడూ మాస్క్‌డ్ కాపీయే ఇవ్వండి. ఆధార్ ఇచ్చే ఉడాయ్ (UIDAI) సంస్థ సైట్లో దొరుకుతుంది, చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. ఆసుపత్రి రిపోర్టులాంటివి వాట్సాప్‌లో పంపకండి, కాగితం పట్టుకెళ్లి మీ ఎదురుగా జిరాక్స్ తీయించి ఒరిజినల్ వెనక్కి తెచ్చుకోండి.

గుంటూరు_ప్లీడరు:

బెజవాడ తమ్ముడు చెప్పినదాంట్లో తప్పు లేదు గానీ, ఒక గది, ఒక గుమాస్తా, వరండాలో రెండు కుర్చీలు ఉన్న ఆఫీసు మీద ఇంత బరువు పెడితే ఎలా మోస్తుంది? కక్షిదార్లు కూడా తమ కేసు కాగితాలు చుట్టాల గ్రూపుల్లో పెడతారు, తర్వాత మా మీద పడతారు.

అయితే ఒక్క విషయంలో నేనూ గట్టిగా ఉంటాను, వేలిముద్రలు. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లోని వేలిముద్రలు తీసుకుని నకిలీవి తయారుచేసి సిమ్‌లు యాక్టివేట్ చేసినట్టు బయటపడింది. అప్పట్నుంచి వేలిముద్రలున్న దస్తావేజు మా ఆఫీసులో బీరువా దాటి బయటికి రాదు. మీరు కూడా ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ చేసుకోండమ్మా, పైసా ఖర్చు లేదు.

డాలస్_సుబ్బారావు:

మా నాన్నగారి పొలం దావాకి నేను ఇక్కడ అమెరికాలోని మన కాన్సులేట్ ద్వారా జీపీఏ (నా తరఫున వ్యవహరించే అధికార పత్రం) అటెస్ట్ చేయించి గుంటూరు పంపాను. దాంతోపాటు పాస్‌పోర్టు అన్ని పేజీలు, వీసా కాపీ, ఇక్కడి డ్రైవింగ్ లైసెన్సు కూడా అడిగారు. ఎందుకని అడిగితే 'ఉంటే మంచిదండీ' అన్నారు. గట్టిగా అడిగితే పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీలు చాలన్నారు! అవసరం లేనిది అడగడమే సగం సమస్య అని నాకనిపిస్తుంది.

ఇక్కడ ఇల్లు కొన్నప్పుడు పెట్టుకున్న అటార్నీ ముందుగా ఒక ఎంగేజ్‌మెంట్ లెటర్ ఇచ్చాడు. కాగితాలు పాస్‌వర్డ్ ఉన్న పోర్టల్లోనే పెట్టాలి, కేసయ్యాక ఫైల్ ఎన్నాళ్లు ఉంచుతారు, తర్వాత ఎలా నాశనం చేస్తారు అన్నీ అందులో రాసి ఉన్నాయి. అమెరికన్ బార్ అసోసియేషన్ మాదిరి నియమాల్లో 1.6 అనే రూల్‌లో క్లయింట్ సమాచారం పొరపాటున కూడా బయటికి పోకుండా తగిన జాగ్రత్త తీసుకోవాలని ఉంది. గుంటూరు ప్లీడరు గారూ, మా అటార్నీ ఆఫీసులో కూడా ఆయన, ఒక అసిస్టెంటు, అంతే. చిన్న ఆఫీసు కావడం అడ్డమేమీ కాదు.

బెజవాడ_అడ్వొకేట్:

సుబ్బారావు గారి మాట నిజం, వకాలతు మీద సంతకం పెట్టేరోజే ఇవన్నీ మాట్లాడుకోవాలి. శిరీష గారికి ఇప్పుడు పనికొచ్చేది చెబుతాను. గుమాస్తాతో కాకుండా ఆఫీసు పెద్ద లాయరుకే మెయిల్ పెట్టండి, కోపంగా కాదు, ఇలా: 'సార్, నా డ్రాఫ్ట్ వెనకవైపు ఇంకొకరి పిటిషన్ పేజీ వచ్చింది, దాన్ని మీకు తిరిగి ఇస్తున్నాను. నా కాగితాలు ఇలా వాడలేదని, ఇకమీదట వాడబోరని రాతపూర్వకంగా చెప్పగలరు. నా మెడికల్ రిపోర్టు ఎవరెవరి ఫోన్లలో ఉందో చూసి తీసేయించి, ఒక్క కాపీ మీ దగ్గరే ఉంచగలరు. ఇకపై నా కాగితాలు ఆఫీసు మెయిల్‌కే పంపుతాను.' ఆ పేజీని ఫొటో తీయకండి, ఇంకెవరికీ చూపించకండి, కవర్లో పెట్టి ఆయన చేతికే ఇవ్వండి.

జవాబు రాకపోతే, మళ్లీ అదే జరిగితే, అడ్వొకేట్స్ చట్టం 35వ సెక్షన్ కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చేయొచ్చు. మందలింపు మొదలు లాయర్ల జాబితా (రోల్) నుంచి పేరు తొలగించడం దాకా శిక్ష ఉంటుంది. వినియోగదారుల కమిషన్‌కి వెళ్లే దారి మాత్రం లేదు, లాయర్ల సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రావని 2024 మేలో సుప్రీంకోర్టు చెప్పింది.

శిరీష_హైదరాబాద్:

అందరికీ చాలా థాంక్స్ అండి. మీరు చెప్పినట్టే మెయిల్ పెట్టి, ఆ పేజీ పెద్ద లాయరు గారి చేతికే ఇచ్చాను. ఆయనకు నిజంగానే తెలియదనుకుంటా, ముఖం మాడిపోయింది. ప్రింటర్ పక్కనున్న పాత కాగితాల కట్ట మొత్తం నా ముందే చింపించారు. గుమాస్తా గారి ఫోన్లోంచి నా ఫొటోలు తీసేయించారు. మెయిల్‌కి జవాబు కూడా వచ్చింది, మెడికల్ రిపోర్టు నన్ను అడక్కుండా దాఖలు చేయం అని రాశారు. ఒకటే సందేహం, రేపు నేను లాయరును మార్చుకోవాలనుకుంటే, ఫీజు బాకీ ఉందని ఫైల్ ఆపేసుకోవచ్చా?

గుంటూరు_ప్లీడరు:

ఆపకూడదమ్మా. ఆర్.డి. సక్సేనా కేసులో 2000లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది, ఫీజు బాకీ ఉన్నా కక్షిదారు ఫైల్ పట్టుకుని కూర్చునే హక్కు లాయరుకు లేదు. బాకీ ఉంటే దానికి వేరే దారి చూసుకోవాలి. ఫైల్ తీసుకునేటప్పుడు ఏయే కాగితాలు తిరిగి వచ్చాయో లిస్టు రాయించి సంతకం పెట్టించుకోండి, మెడికల్ రిపోర్టు అందులో విడిగా రాయించండి.