అప్‌డేట్: కూలర్ పంపు మళ్లీ నీళ్లు ఎత్తుతున్నది

కూలర్ పంపు గుర్రుమంటున్నది గాని నీళ్లు పైకి ఎక్కుతలేవని అడిగిన కదా. కొత్తది కొనకు, ముందు విప్పి చూడు అన్నోళ్ల మాటే నిజమైంది. థ్యాంక్స్ అన్నా! మోటార్ మంచిగనే ఉంది. మా నల్లగొండ బోరు నీళ్ల సున్నం పంపు లోపలి రెక్కల చుట్టూ తెల్లగ గట్టిపడి తిరగనిస్తలేదు.

ప్లగ్ పీకినంక కింది జాలి మూత, దాని లోపలి చిన్న మూత చేత్తోనే ఊడొస్తయి. రెక్కల చక్రాన్ని నేరుగ బయటికి లాగాలె. అయస్కాంతం పట్టుకొని ఉంటది, పక్కకు వంచితే లోపలి సన్నటి ఇరుసు విరిగే ప్రమాదం. లీటరు గోరువెచ్చటి నీళ్లల్ల రెండు చెంచాల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) వేసి గంట నానబెడితే బుడగలు లేచి సున్నం విడిచింది. మిగిలింది పాత టూత్‌బ్రష్‌తో పోయింది. స్క్రూడ్రైవర్‌తో మాత్రం గోకొద్దు.

పైన నీళ్లు పంచే గొట్టం రంధ్రాలు గూడ అగరబత్తి పుల్లతో పొడిచి తీయాలె, లేకుంటే పంపు బాగైనా గడ్డి ఒక పక్కే తడుస్తది.

నీళ్లు ఆవిరైనా సున్నం టబ్బులనే మిగులుతది. అందుకే పైపైన నింపుకుంట పోకుండ వారానికోసారి మొత్తం వంపేయాలె.